ఎనిమిది నెలల అద్దె

ఫిబ్రవరి 3

మా బక్కోడికి,

నీ వదిన రాస్తోంది. బక్కోడు అనే పేరు నీకిప్పుడు నప్పదని మా తోడికోడలు పంపిన ఫోటో చూడగానే తెలిసింది. అయినా పన్నెండేళ్ళప్పుడు ఒక సంచీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చిన నాడు పెట్టిన పేరు, ఇప్పుడు మార్చడం నా వల్ల కాదు. చెవులు ఎలా ఉన్నాయి? నీ వడ్రంగి షెడ్డులో చిత్రిక మిషను పక్కన పదహారేళ్ళు నిలబడ్డావు, ఇంకేం మిగులుతాయి? ఫోను చేస్తే నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, మధ్యలో మా వీధంతా వినడం. అందుకే ఈ ఉత్తరం.

ఇంటి ఓనరు పెద్దాయన పోయి ఏడాదిన్నర అయింది కదా. వాళ్ళబ్బాయి పోయిన వారం వచ్చాడు. చేతిలో కొలతల టేపు. వంటగది అల్మరా, కిటికీ కింద బల్ల, అటక, అటక మీదికి మెట్లు, గోడలోంచి దిగే నా కుట్టుబల్ల, అన్నీ కొలుచుకుని పుస్తకంలో రాసుకున్నాడు. రిపేరు చేయిస్తాడు కాబోలని నేను టీ కూడా ఇచ్చాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. నిన్న నోటీసు వచ్చింది. "ఇంట్లో మేలురకం చెక్కపని ఉన్నందున" ఏప్రిల్ ఒకటి నుంచి అద్దె రెట్టింపట. నెలంతా కుట్టినా ఆ అద్దెకే సరి. ఇక నేను గాలి తిని బతకాలి.

ఇరవై ఆరేళ్ళుగా ఉన్న ఇల్లు. మీ అన్నయ్య కన్నుమూసిన ఇల్లు. నా దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్ళంతా ఈ నాలుగు వీధుల వాళ్ళే, వేరే పేటకి పోతే నన్నెవరు వెతుక్కుంటూ వస్తారు? నేను ఈ ఇల్లు వదలను. నువ్వొక పని చెయ్యి. ఈ ఇంట్లో మీ అన్నయ్య చేసినవి ఏమేమిటో, ఏ ఏడు ఏది చేశారో, ఏ చెక్కో, ఒక కాగితం మీద వరసగా రాసి పంపు. పక్కనే ఉండి చేయందించిన వాడివి, నీకైతే అన్నీ గుర్తుంటాయి. ఆలస్యం చేయకు.

వదిన


ఫిబ్రవరి 11

వదినా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మీ తోడికోడలి చేత చదివించుకున్నాను, నేనేమైనా తప్పుగా చదివానేమోనని.

నువ్వు అడిగిన పట్టీ నేను రాయను. అద్దె పెరిగిందని అన్నయ్య చేసినవన్నీ ఊడబీకి అమ్ముదామనా? ఏ చెక్కో కూడా రాయమంటున్నావు, ధర కట్టడానికే కదా. ఆ వంటగది అల్మరాలో ఒక్క మేకు లేదు వదినా. ఒకదాంట్లో ఒకటి దిగేలా చెక్కి బిగించినవి. పీకితే విరిగిన చెక్క తప్ప ఏమీ రాదు. చేతిలో డబ్బు లేకపోతే నన్ను నోరు తెరిచి అడగాలి, అంతేగాని ఇదేం పని?

అసలు ఆ ఇల్లు పట్టుకుని వేలాడటం దేనికి? ఇక్కడ నా షెడ్డు వెనక గది ఖాళీగా ఉంది. సున్నం వేయిస్తాను, నీ మిషనుకి కిటికీ పక్కన చోటు చూస్తాను. మీ తోడికోడలు కూడా రమ్మంటోంది. నిజంగానే అంటోంది, నేను కల్పించి రాయడం లేదు. నెలాఖరుకి బండి తీసుకుని వస్తాను, సామాను సర్దుకుని ఉండు.

నీ మరిది


ఫిబ్రవరి 18

ఒరేయ్ బక్కోడా,

బండి తెచ్చావంటే టైర్లలో గాలి తీస్తాను. ఎవడు సర్దుకుంటాడు సామాను? మొగుడు చేతులతో చేసిన దాన్ని అమ్ముకునే దానిలా కనిపించానా నీకు? నీ ఉత్తరం చదివి ఒక పూట మిషను ముట్టుకోలేదు. తప్పు నాదీ ఉందిలే, ఎందుకడుగుతున్నానో రాయలేదు. ముందే రాస్తే నువ్వు భయపడి నన్ను ఆపుతావనుకున్నాను. ఇప్పుడు చెబుతా, కుదురుగా కూర్చుని చదువు.

ఇక్కడ అద్దెల ట్రిబ్యునల్ అని ఒక ఆఫీసు ఉంది. అద్దె అన్యాయంగా పెంచారు అనిపిస్తే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చట. ఇన్నేళ్ళు దాని ముందు నుంచే బట్టల కొట్టుకి వెళ్తున్నాను, లోపల ఏముందో తెలియదు. అక్కడ సలహాలు చెప్పే గుమాస్తా ఒకావిడ ఉంది. ముక్కు మీద కళ్ళద్దాలు, నోట్లో ఎప్పుడూ లవంగం. నోటీసు రెండు వైపులా చదివి మొదటి మాటే ఏమందంటే, "ఏప్రిల్ ఒకటికి ముందే అర్జీ పడాలమ్మా, ఆ తేదీ దాటితే దేవుడొచ్చినా ఏమీ చేయలేడు" అంది. ఈలోగా కొత్త కాగితం దేని మీదా సంతకం పెట్టకూడదట. కొత్త అద్దె ఒక్క నెల కట్టినా ఒప్పుకున్నట్టే లెక్కట. పాత అద్దె మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా కట్టి రసీదు దాచుకోవాలి. అర్జీ పెట్టానని కక్ష కట్టి నన్ను వెళ్ళగొడితే అది ఓనరు తప్పవుతుంది. మా వీధిలో ఇలాంటి ఇళ్ళు ఎంతకి ఇస్తున్నారో చూసి, దాన్ని బట్టి న్యాయమైన అద్దె ఎంతో వాళ్ళే తేలుస్తారు.

అసలు సంగతి ఇంకా ఉంది. అద్దెకున్న వాళ్ళు సొంత ఖర్చుతో చేసుకున్న పనిని చూపించి, వాళ్ళ దగ్గరే ఎక్కువ అద్దె అడగకూడదట. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. టేపాయన (ఆ అబ్బాయికి నేను పెట్టిన పేరులే) నోటీసులో రాసిందంతా మీ అన్నయ్య చెక్కపనే కదా. అది తీసేస్తే ఆ ఇంట్లో ఏముంది, నాలుగు గోడలు, ఒక కారే పంపు. అది మనం చేసుకున్నదని రుజువు కావాలి. రసీదులు నా దగ్గర లేవు. మీ అన్నయ్య రసీదులు దాచే మనిషా? పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఇల్లంతా పెన్సిలు వెతికే మనిషి. మిగిలిన సాక్షివి నువ్వొక్కడివే.

ఆయన జీతం చెక్కలకి పోయింది, నా కుట్టుకూలి అద్దెకి పోయింది. ఒక్క నెల తప్పకుండా ప్రతి ఒకటో తారీఖునా అద్దె డబ్బు మీ అన్నయ్య చేతిలో పెట్టాను. ఆయన వెళ్ళి పెద్దాయనకి ఇచ్చి వచ్చేవారు. ఇదీ మా కాపురం, ఇదే రాయి. నాకు పంపు, నేను ఆవిడకి ఇస్తాను.

షెడ్డు వెనక గది మాట ఇంకోసారి ఎత్తకు. నువ్వు ప్రేమతోనే అన్నావు, తెలుసు. కానీ నేను ఎవరింట్లోనో వెనక గది మనిషిని అయిపోయానని ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

వదిన


ఫిబ్రవరి 27

వదినా,

క్షమించు. చెవులే కాదు, బుర్ర కూడా సరిగా పనిచేయడం లేదని మీ తోడికోడలు అంది.

రాశాను. మూడు రాత్రులు పట్టింది. పెన్ను పట్టుకుంటే నా వేళ్ళు ఉలి పట్టినట్టే పట్టుకుంటాయి, కాగితం చిరుగుతుంది. కిటికీ కింద బల్లతో మొదలుపెట్టాను. అది మొదటి ఏడు, నేను స్కూలు నుంచి వచ్చి ఇసుక కాగితం పెట్టి రుద్దేవాణ్ణి, పక్క అంచు కొంచెం వంకరగా ఉంటుంది, అది నా నిర్వాకమే. తర్వాత నీ కుట్టుబల్ల. నీకు వంగి వంగి నడుం పోతోందని, నువ్వు పడుకున్నాక నీ మడమ నుంచి మోచేతి దాకా కొలిచి దాని ఎత్తు తేల్చాడు అన్నయ్య. పొద్దున్నే నన్ను లేపి ఆ అంకె చెప్పి మర్చిపోవద్దన్నాడు. అది కూడా రాశాను. అక్కరలేదేమో, అయినా రాశాను. ఆఖరున అల్మరా, అటక, మెట్లు. అవి నేను ఇక్కడికి వచ్చేసే ముందు ఏడు, ఇద్దరం కలిసి చేసిన ఆఖరి పని.

ఆ కాగితం నీకు పంపలేదు, నేరుగా ఆఫీసుకే రిజిస్టరు పోస్టులో పంపించాను. నీకు పంపితే పొగడ్తలన్నీ కొట్టేస్తావు, నాకు తెలుసు. అన్నయ్య గురించి ఒక ఆఫీసు కాగితంలో నాలుగు మంచి మాటలు ఉండనీ. బతికుండగా ఏ కాగితంలో రాశారు గనక? పెద్దాయన అంతటి వాడు అన్నయ్య పనికి ఎంత విలువిచ్చాడో అదీ రాశాను. చదివితే వాళ్ళకే అర్థమవుతుంది ఎలాంటి మనిషో.

నీ మరిది


మార్చి 6

బక్కోడా,

నువ్వు బాగుండాలి. కాగితం చేరిందని, నాలుగు పేజీలుందని గుమాస్తా ఆవిడ చెప్పింది. నా అర్జీ ఫైల్లో పెట్టేశారట. విచారణ 20వ తేదీ.

కుట్టుబల్ల ఎత్తు సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఏదో అలా కుదిరింది అనుకున్నాను.

ఈ వారం నా పనేమిటో చెబితే నవ్వుతావు. వీధి వీధీ తిరిగి అద్దెలు కనుక్కుంటున్నాను. ఊరికే అడిగితే ఎవరు చెబుతారు? జాకెట్టు కొలతలు తీసుకుంటూ అడుగుతున్నాను. చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషి అబద్ధం ఆడదు. పదకొండు ఇళ్ళు రాసుకున్నాను, ఏ ఒక్కటీ టేపాయన అడిగినదానికి దరిదాపుల్లో లేదు. వీధి చివర బడి పంతులమ్మ తన అద్దె కాగితమే ఇచ్చింది, సాక్ష్యం కూడా చెబుతానంది.

మొన్న టేపాయన మెత్తబడి వచ్చాడు. "అమ్మా, ఆఫీసులూ గొడవలూ ఎందుకు, పెంచిన దాంట్లో సగమే ఇవ్వండి, ఇక్కడే సంతకం పెట్టేయండి" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ సగమైతే నేను ముక్కుతూ మూలుగుతూ కట్టగలను. గుమాస్తా ఆవిడ కూడా ఆలోచించుకోమంది. కానీ నేను పెట్టలేదు. మా ఆయన పనికి నా దగ్గర అద్దె వసూలు చేస్తానంటే సగమైనా ఎందుకివ్వాలి? నా మరిది నాలుగు పేజీలు రాశాడు అని మొహం మీదే చెప్పి పంపేశాను. సరిగ్గానే చేశానా?

వదిన


మార్చి 12

వదినా,

సరిగ్గానే చేశావు. పైసా కూడా ఒప్పుకోకు. నా కాగితం ఉండగా నీకేం భయం లేదు. గెలిచాక నేనూ మీ తోడికోడలూ వస్తాం, అల్మరాకి ఒకసారి పాలిష్ పట్టాలి.

నీ మరిది


మార్చి 23

మరిదికి,

విచారణ అయింది. తీర్పు నెల తర్వాత ఇస్తారట, కానీ ఎలా ఉంటుందో నాకు అక్కడే తెలిసిపోయింది.

పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ నీ కాగితం బయటికి చదివింది. కిటికీ బల్ల, కుట్టుబల్ల, ఒక్కొక్కటే చదువుతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. పంతులమ్మ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత మూడో పేజీలోకి వచ్చింది. నువ్వు రాసిన మాటలు నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. "వంటగది అల్మరా, అటక, మెట్లు చూసి ఇంటి యజమాని ఎంతో సంతోషించి, ఇంత గొప్ప పనికి ఊరికే ఉండలేనని, మా అన్నయ్యకి ఎనిమిది నెలల అద్దె మాఫీ చేశారు. మా అన్నయ్య పనికి దక్కిన గౌరవం అది."

ఆవిడ చదవడం ఆపి నా వైపు చూసింది. "ఇది నిజమేనా అమ్మా?" అంది. కాదు, నేను ప్రతి నెలా అద్దె ఇచ్చాను అన్నాను. ఎవరికిచ్చారు అంది. మా ఆయనకి అన్నాను. టేపాయన సంచీలోంచి వాళ్ళ నాన్న పాత పుస్తకం తీశాడు. ఆ ఎనిమిది నెలల దగ్గరా ఖాళీ. పక్కన "చెక్కపని కింద చెల్లు" అని పెద్దాయన రాత. ఆ పుస్తకం ఉన్నట్టు మొన్నటిదాకా వాడికి కూడా తెలియదట. ఆఫీసు వాళ్ళు పంపిన నీ కాగితం నకలు చూశాకే వెతికి పట్టుకున్నాడట. అంటే ఆ పనికి ఓనరే డబ్బు ఇచ్చినట్టు, అది ఓనరు చేయించిన పనే అవుతుంది అంది పెద్దావిడ. కటువుగా ఏం అనలేదు, మెల్లగానే చెప్పింది.

ఇల్లు సంగతి అలా ఉంచు. ఆ ఎనిమిది నెలలూ నేను ఒకటో తారీఖున డబ్బు ఆయన చేతిలో పెట్టాను. నాకు బాగా గుర్తు, ఆ ఏడే నర్సుల యూనిఫారాలు ఒప్పుకున్నాను, వేళ్ళు వాచిపోయేవి. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, "ఇచ్చి వస్తా" అని వెళ్ళేవారు. వచ్చి "ఇచ్చాను" అనేవారు. ఎక్కడికి వెళ్ళేవారు? ఎవరికిచ్చారు? మూడు రోజులుగా నేను ఆలోచించని మాట లేదు. తాగారా, ఇంకెవరైనా ఉన్నారా, అన్నీ అనుకున్నాను. చచ్చిపోయిన మనిషి మీద ఇలాంటివి అనుకునే దాన్నయ్యాను.

నీకు తెలుసు. మాఫీ సంగతి తెలిసిన వాడికి అది కూడా తెలుస్తుంది. ఏదీ దాచకుండా రాయి.

వదిన


మార్చి 29

వదినా,

నాకు ఇచ్చాడు.

ఆ ఎనిమిది నెలల డబ్బూ నాకే ఇచ్చాడు. నా షెడ్డు, మొదటి చిత్రిక మిషను అన్నీ ఆ డబ్బుతోనే. ప్రతి నెలా ఒకటో తారీఖున అన్నయ్య నాకు మనియార్డరు కట్టి ఇంటికొచ్చేవాడు. ఇంకెవరూ లేరు వదినా, తాగలేదు. అలాంటివి అనుకోకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

అంతకు ముందు ఏడే కదా నా వేలు రంపం కింద పడింది. నువ్వు మెడలో గొలుసు అమ్మి ఆపరేషను చేయించావు. ఒక్క మాట అనలేదు, ఇంకా నన్నే నవ్వించావు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే మళ్ళీ మా తమ్ముడికి డబ్బు కావాలి అని నిన్ను అడగడానికి అన్నయ్యకి ముఖం చెల్లలేదు. నెమ్మది మీద చెబుతానన్నాడు. నెమ్మది ఎప్పటికీ రాలేదు. జబ్బుపడ్డాక నేను చూడటానికి వచ్చినప్పుడు నేనే అడిగాను, వదినకి చెప్పావా అని. "చెప్పేస్తాలేరా, ఈ వారమే చెప్పేస్తా" అన్నాడు. తర్వాత నాలుగు వారాలు బతికాడు. చెప్పే ఉంటాడు అనుకున్నాను. నువ్వు ఎప్పుడూ ఆ మాట ఎత్తకపోతే, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక ఎత్తడం లేదనుకున్నాను. నీ ఫిబ్రవరి ఉత్తరంలో "ఒక్క నెల తప్పకుండా" అని చదివినప్పుడు కూడా అలాగే అనుకున్నాను, నా పరువు కాపాడుతోంది మా వదిన అని.

మాఫీ అని రాస్తే నీ కేసు పోతుందని నాకు తట్టనేలేదు. ఓనరంతటి వాడు మెచ్చుకుని అద్దె వదులుకున్నాడంటే ఆ పని ఎంత గొప్పదో వాళ్ళకి తెలుస్తుందనుకున్నాను. పని బాగుందని చెబితే చాలు, గెలిచేస్తామనుకున్నాను. మాకు తెలిసిన న్యాయం అంతే.

మిషను బేరం పెట్టాను. కొనేవాడు ఆదివారం వస్తాడు. ఆ డబ్బు, తర్వాత ప్రతి నెలా అద్దెలో తేడా, నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు నేను కడతాను. నువ్వు ఆ ఇల్లు వదలడానికి వీల్లేదు. ఒక్క ముక్క రాయి వదినా. తిట్టినా సరే.

నీ మరిది


మే 2

బక్కోడా,

మిషను అమ్మలేదని మా తోడికోడలు ఫోనులో చెప్పింది. అమ్మకు. అది నేను ఎనిమిది నెలలు వేళ్ళు వాచేలా కుట్టిన కుట్టు. దాన్ని కూడా అమ్మేస్తే నాకు ఇక ఏమీ మిగలదు.

తీర్పు వచ్చింది. టేపాయన అడిగిన దాంట్లో కొంచెం తగ్గించారు. నేను వద్దన్న ఆ సగం కంటే చాలా ఎక్కువే. చెక్కపని ఓనరుదే అని ఒక పేరా రాశారు. కిటికీ బల్ల, కుట్టుబల్ల మాత్రం మనవేనట, వాటికి ఏదో కాస్త తీసేశారు. నీ డబ్బుతో అక్కడ ఉండొచ్చు. కానీ ఉండలేను. ప్రతి నెలా ఒకటో తారీఖున నా చేతిలో డబ్బు పెట్టుకుని ఆ గుమ్మం దాటడం నాకు చాతకాదు. మార్కెట్టు వెనక పంతులమ్మ వాళ్ళ చుట్టాల మేడ మీద ఒక గది దొరికింది. నా కుట్టుమిషను పట్టింది, మంచం పట్టింది. పాత బేరాల్లో ముగ్గురు వెతుక్కుంటూ వచ్చారు.

నీ మీద కోపం లేదని రాయాలని నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఉంది. ఆ ఒక్క వాక్యం రాయకపోతే ఇల్లు నిలిచేది. నువ్వు అబద్ధం రాసి ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటున్నాను, అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మీ అన్నయ్య మీద కోపం ఇంకా ఎక్కువ. అడిగితే ఇచ్చేదాన్ని కదరా. గొలుసు ఇచ్చిన దాన్ని ఇది ఇవ్వనా? నా బిడ్డలాంటి వాడివి, నీకు షెడ్డు పెట్టించింది నేనే అని పదహారేళ్ళు సంతోషపడేదాన్ని. ఆ సంతోషం నాకు లేకుండా చేశారు ఆయన. ఇప్పుడు అడుగుదామంటే ఎవరిని అడగను?

తాళం ఇవ్వడానికి నిన్న వెళ్ళాను. టేపాయన ఎవరో మొగుడూ పెళ్ళాలకి ఇల్లు చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి వంటగది అల్మరా తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసింది. "చూడండి, చప్పుడే లేదు" అని మొగుణ్ణి పిలిచింది. ఎవరు చేశారండీ ఇంత బాగా అని అడిగింది. "మా నాన్న చేయించాడు" అన్నాడు టేపాయన. మా ఆయన చేశారమ్మా అని నాకు నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు కదా. ఇంతలో ఆ అమ్మాయి నన్ను చూసి, "మీరు కూడా ఇల్లు చూడటానికే వచ్చారా అండీ?" అంది. అవునమ్మా అన్నాను. చాలా బాగుంది, నాకే అద్దె ఎక్కువ అని చెప్పి, తాళం ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగి వచ్చేశాను.

వదిన